నేను ఆపుకున్న దగ్గు

ఇప్పుడు బస్సు దిగి ఇంటిదాకా మధ్యలో ఒక్కసారే ఆగి నడవగలుగుతున్నాను. జనవరిలో మంచం దగ్గరి నుంచి కిటికీ దాకా వెళ్లడానికి రెండుసార్లు ఆగేవాణ్ని. ఈ తేడా చూసుకుని నాకు నేను ధైర్యం చెప్పుకోవడానికి కొంత, నాలాంటివాళ్లను హెచ్చరించడానికి కొంత ఇది రాస్తున్నాను. నాలాంటివాళ్లంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లే కాదు, వాదంలో గెలవడమంటే మోజు ఉన్నవాళ్లు కూడా.

ఆత్మకూరు దగ్గరి ఒక ఊళ్లో, సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. పాతికేళ్లుగా సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, బాబాల చేతిలోకి బూడిద ఎక్కడినుంచి వస్తుందో, నాలుక మీద కర్పూరం ఎలా వెలిగిస్తారో జనం ముందు చేసి చూపించాను. గద్వాలలో ఒకసారి రాళ్లు తిన్నాను. నాగర్‌కర్నూల్‌లో ఉపన్యాసం నడుస్తుండగానే మైకు వైరు కోసేశారు. ఇవన్నీ గర్వంగా చెప్పుకునేవాణ్ని. చెప్పుకోనిది ఒకటి ఉంది. నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. జేబులో ఎప్పుడూ నీలం రంగు ఇన్‌హేలర్ ఉంటుంది. సభలో ఆయాసం వస్తే మూత్రానికి పోతున్నట్టు పక్కకు వెళ్లి పీల్చుకుని వచ్చేవాణ్ని. దేవుడు లేడని మైకులో అరిచేవాడు ఆ గొట్టం నోట్లో పెట్టుకోవడం చూస్తే ఎదుటిపక్షం ఊరుకుంటుందా? దేవుణ్ని తిట్టినందుకే ఊపిరాడటం లేదని ఊరూరా చెప్పుకోరూ? ఆ భయంతో నా భార్య విమలకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

డిసెంబర్ మొదటి వారంలో ఎనిమిదో తరగతికి గాలి పాఠం మొదలుపెట్టాను. పుస్తకం చదివించి వదిలేస్తే గాలి కాలుష్యమంటే ఏదో ఢిల్లీ సంగతి అనుకుంటారు మా పిల్లలు. అందుకని ఏటా ఒక పని చేయిస్తాను. ఒక్కొక్కరికీ పోస్టుకార్డంత తెల్ల అట్టముక్క ఇచ్చి, దానికి పలచగా వాజలిన్ రాయించి, ఇంట్లోనో వాకిట్లోనో పొలంగట్టునో వారం రోజులు వేలాడదీయమంటాను. వరికోతలు అయిపోయి, మళ్లల్లో మిగిలిన గడ్డి తగలబెట్టే కాలమది. పొద్దు వాలేసరికి ఊరి మీద పొగ దుప్పటిలా పరుచుకుంటుంది. సోమవారం నాడు అట్టలన్నీ బల్ల మీద పరిచాం. బడి గోడకు కట్టింది బూడిద రంగుకు తిరిగింది. రైసుమిల్లు పక్కింటిది ఊకదుమ్ముతో గరుగ్గా ఉంది. భాగ్య తెచ్చింది మాత్రం వేలు పెడితే వేలు నల్లబడేలా ఉంది.

"ఇది ఏడ గట్టినవు?" అని అడిగాను.

"వంటింట్ల సార్. పొయ్యి మీద గాదు, నేను సదువుకునే కాడ."

"పొయ్యికి ఎంత దూరం?"

"గీ బెంచి కాడికెల్లి ఆ బెంచి దాంక సార్."

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "సార్, గది అట్ట గాదు, వాళ్లమ్మ మాడగొట్టిన రొట్టె" అన్నది. అందరూ నవ్వారు. భాగ్య కూడా నవ్వబోయి దగ్గులో పడింది.

ఆ దగ్గు నేను ఎరిగినదే. దగ్గి ఊపిరి వదులుతుంటే వెనకే సన్నగా ఈల. నా ఛాతీలో యాభై ఏళ్లుగా వింటున్న ఈల. చెవిన పడగానే పోల్చుకున్నాను. అప్పుడు నేను చేయవలసింది జేబులోంచి ఆ గొట్టం తీసి, "నాకూ ఇదే జబ్బు, దీనికి మందుంది" అని చెప్పడం. చెప్పలేదు. నల్లటి అట్టను ఎత్తి పట్టుకుని ఉపన్యాసం ఇచ్చాను. ఇదే మీ గుండెల్లోకి పోతున్నది, గోడకు కిటికీ పెట్టించమని ఇంట్లో కొట్లాడండి అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆ వెనక బెంచీ అమ్మాయే ఫోన్ చేసింది. "సార్, భాగ్యకు పొగ వెడుతుండ్రు. జల్ది రాండ్రి."

భాగ్య తండ్రి పుణెలో మట్టిపని చేస్తాడు. తల్లి సాయమ్మ కౌలు పొలంలో పత్తి వేసింది. పత్తి తీయగా మిగిలిన కట్టే ఆ ఇంటి వంటచెరకు. శ్మశానం పక్క చేనులో పత్తి ఏరుతూ పిల్ల జడుసుకుందనీ, అందుకే మూడు రోజులుగా ఊపిరి ఎగబోస్తున్నదనీ ఇరుగుపొరుగు తేల్చారు. మానవపాడు వైపు నుంచి మైసన్న అనే అతన్ని పిలిపించారు. మిరప పండించే రైతు. దయ్యాలు వదిలించడం అతనికి ఆదివారాల పని.

నేను వెళ్లేసరికి వాకిట్లో నలభై మంది ఉన్నారు. మధ్యలో నల్ల గొంగడి కప్పి పిల్లను కూర్చోబెట్టారు. గొంగడి కింద నిప్పుల చిప్ప, నిప్పుల మీద ఎండుమిరపకాయలు. లోపలి దగ్గు వీధి మలుపు దాకా వినిపించింది. గొంగడి లాగేశాను. భాగ్య పెదవులు నీలంగా ఉన్నాయి. గోడకు ఆనించి కూర్చోబెట్టమని సాయమ్మకు చెప్పి మైసన్న మీదికి వెళ్లాను.

"పిల్లకు ఊపిరాడకుంటే పొగ వెడ్తవా? మనిషివేనా నువ్వు?"

అతను కోపం తెచ్చుకోలేదు. "కూసోండ్రి సార్. పొగ మనిషికేం జెయ్యదు. మనం దినాం పొయ్యి కాడ కూసుంటలేమా? లోపలున్నదానికే మంట. గదే దగ్గుతుంది."

"అయితే నేను కూర్చుంట. అప్పుడేమంటవు?"

"మీరు దగ్గితే మీల గూడ ఏదో ఉన్నట్టే లెక్క. దగ్గకుంటె నా సామాను సదురుకొని పోత."

"సార్‌ల ఏముంటది?" అన్నది ఒక ముసలమ్మ. "సార్‌ను జూస్తేనే దయ్యాలు ఉరుకుతయి." వాకిలంతా నవ్వింది. పాతికేళ్లుగా నన్ను వేదికల మీద నిలబెట్టింది అలాంటి నవ్వే. అది వినగానే నా ఒళ్లు వేడెక్కింది.

ఒక్క నిమిషం ఆగమని గడ్డివాము వెనక్కి వెళ్లి, జేబులోది రెండుసార్లు గట్టిగా పీల్చుకుని వచ్చాను. గొంగడి కింద కూర్చున్నాను. పొగలో కూర్చునే కిటుకు నాకు తెలుసు. బాబాల గుట్టు విప్పడానికి నేర్చుకున్నదే. సాష్టాంగం చేసినట్టు వంగి, ముక్కు నేలకు ఆనించి, గొంగడి అంచు కింది సందులోంచి వచ్చే చల్లగాలిని కొద్దికొద్దిగా పీలుస్తూ ఉండాలి. దగ్గు వస్తే నాలుకను అంగిటికి అదిమిపెట్టాలి. మైసన్న వెలిగించిన ఊదుబత్తి సగం కాలేదాకా అలా ఉన్నాను. బయటికి వచ్చాను. కళ్లు మండుతున్నాయి, ఛాతీలో గువ్వ కొట్టుకుంటున్నట్టుంది, అయినా దగ్గలేదు. చేతులు పైకెత్తి, "దయ్యం లేదు, గియ్యం లేదు!" అని అరిచాను. చప్పట్లు కొట్టారు.

మైసన్న మాట తప్పలేదు. చిప్ప బోర్లించి, గొంగడి మడత పెట్టుకున్నాడు. పోతూ పోతూ, నాతో కాదు, సాయమ్మతో నెమ్మదిగా అన్నాడు: "నేను జెప్పిందే గదమ్మా. మనిషికి పొగ ఏం జెయ్యదు. సూసినవు గద."

ఆ మాట నేను విన్నాను. ఓడినవాడి గొణుగుడు అనుకున్నాను. రేపు పిల్లను వనపర్తి దవాఖానకు తీసుకుపొమ్మని సాయమ్మకు చెప్పి స్కూటర్ ఎక్కాను.

మర్నాడు ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుండగా పడిపోయాను. అంబులెన్సులో ఉన్నంతసేపూ నాకు గుర్తున్నది ఒకటే: గాలి ఉంది, నా చుట్టూ ఉంది, నాలోకి రావడం లేదు. సూది బెజ్జంలోంచి చెరువును తాగమన్నట్టుంది. ఊపిరితిత్తుల బొమ్మ నల్లబల్ల మీద కళ్లు మూసుకుని గీయగలిగినవాణ్ని. ఆ బొమ్మ ఎందుకూ పనికిరాలేదు. భయం మనిషిని ఎంత చిన్నవాణ్ని చేస్తుందో తెలిసింది. దేవుణ్ని పిలవలేదు. అది ధైర్యమనుకోకండి. పిలవడానికి కూడా ఊపిరి కావాలి.

వనపర్తి దవాఖానలో పదహారు రోజులు ఉన్నాను. ముఖం మీద ప్లాస్టిక్ మాస్కు, దాని రబ్బరు వాసన, పక్క మంచం ముసలాయన రాత్రీ పగలూ తీసే గురక. విమల బయట వరండాలో ఇనుప కుర్చీలో కూర్చునేది. ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడేదట. ఆ వరండాలో టీ అమ్మే మనిషి ఆమె వద్దన్నా రోజూ ఒక గ్లాసు పక్కన పెట్టి పోయేవాడట. అతని పేరు మాకిప్పటికీ తెలియదు.

రెండో రోజు మా అక్క బల్మూర్ నుంచి వచ్చింది. కళ్లు తెరిచేసరికి నా కుడి ముంజేతికి ఎర్రదారం ఉంది. ఎడమ చేత్తో లాగబోతే విమల పట్టుకుంది.

"ఉండనీ."

నేను తల అడ్డంగా ఊపాను.

"పొద్దుగాల రెండు బస్సులు మారి వచ్చింది. లోపలికి పంపలే. మెట్ల మీద కూసొని ఏడ్చి ఏడ్చి, నీకు గట్టుమని గిది నాకిచ్చి పోయింది. నీ సిద్ధాంతానికి ఏం తక్కువ గాదు, ఉండనీ."

ఉంచాను. ఆ దారం నాకు ఊపిరి ఇవ్వలేదు. ఇచ్చింది గోడలోంచి వచ్చే ఆక్సిజన్, రెండు పూటలా వచ్చి నా వీపు మీద చెవి పెట్టినంత శ్రద్ధగా విన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఈ మాట రాయకపోతే అక్క మీది ప్రేమతో అబద్ధం ఆడినట్టవుతుంది. అక్క మెట్ల మీద కూర్చుని ఏడ్చిందన్నది కూడా అంతే నిజం, అదీ రాస్తున్నాను.

మూడో రోజు మాస్కు కాసేపు తీశారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య రెండేసి మాటలుగా ఆదివారం సంగతి విమలకు చెప్పాను. గడ్డివాము, కిటుకు, చప్పట్లు, అన్నీ. పొగిడించుకోవడానికే చెప్పానేమో. పెళ్లినాడే "మీరు" వద్దని మాట్లాడుకున్నాం కనుక ఆమె నన్ను నువ్వనే అంటుంది.

"నువ్వు దగ్గితే గెలుస్తుంటివి" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"వాడన్నదేంది? పొగ మనిషిని ఏం జెయ్యదు, దయ్యముంటేనే దగ్గొస్తది అన్నడు. నువ్వు దగ్గి, 'నాకు ఉబ్బసం, పొగ వెడితే ఎవలకైన దగ్గొస్తది' అంటే ఆడికి అయిపోతుండె. నువ్వు దగ్గకుండ లేచి వాని మాటే నిజమన్నవు. గంత చదువుకొని."

నేను వాదించాను. అక్కడ పరిస్థితి నీకు తెలియదన్నాను. దగ్గితే జనం పారిపోయేవాళ్లు అన్నాను. నాలుగు మాటలకే మళ్లీ మాస్కు పెట్టాల్సి వచ్చింది. ఆమె దుప్పటి సర్దింది.

గురువారం నన్ను చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకు తీసుకుపోతున్నారు. పిల్లల వార్డు ముందు, గోడకు ఆనుకుని నేల మీద సాయమ్మ కూర్చుని ఉంది. చీర కొంగు నిండా మసి. ముందు నన్ను పోల్చుకోలేదు. పోల్చుకున్నాక లేచి వచ్చి కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది.

"భాగ్య లోపలుంది సార్. నిన్న మల్ల వెట్టించిన."

నర్సు కుర్చీ ఆపింది.

"మీరు దగ్గలే గద సార్." ఆమె గొంతులో నింద లేదు. నాకు ఏదో వివరిస్తున్నట్టుంది. "నా కండ్లార జూసిన. గంతసేపు కూసున్నా మీకేం గాలే. మరి నా బిడ్డ ఎందుకు దగ్గుతుంది? లోపల ఉన్నట్టే గద అనుకున్న. గందుకే మైసన్నను మల్ల బిలిచిన. గీసారి ఎక్కువసేపు వెట్టిండు."

నా ముఖం మీద మాస్కు ఉంది. ఎన్నో వేదికల మీద ఎంతోమంది నోరు మూయించిన నోరు నాది. తీసి మాట్లాడబోతే నర్సు చెయ్యి పట్టుకుంది. ఆమె జేబులోని పెన్ను సైగతో అడిగి, ఎక్స్‌రే చీటీ వెనక వంకరటింకరగా రాసి సాయమ్మకు ఇచ్చాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. "నాకు సదువు రాదు సార్."

నర్సు తీసుకుని చదివింది: "నేను దగ్గు ఆపుకున్నాను. మోసం చేశాను. నాకూ భాగ్యకున్న జబ్బే ఉంది. తప్పు నాది."

వరండాలో వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. సాయమ్మ చీటీ తిరిగి తీసుకుని మడిచింది. "గా ముచ్చట గప్పుడే జెప్పేదుండె గద సార్" అన్నది. తిరిగి వెళ్లి గోడ దగ్గర కూర్చుంది.

ఆ సాయంత్రమే భాగ్యను హైదరాబాద్ పంపించారు.

జనవరి అంతా ఇంట్లోనే ఉన్నాను. జబ్బు కన్నా ఎదురుచూపు ఎక్కువ చంపింది. సాయమ్మ ఫోన్ కలిసేది కాదు. పిల్ల ఉందో లేదో తెలియదు. రోజూ పొద్దున్నే విమల ఒకసారి ప్రయత్నించి, ఫోన్ పక్కన పెట్టి, నా వైపు చూడకుండా వంటింట్లోకి పోయేది. ఊళ్లో మరో కథ నడిచింది. భాగ్యలోంచి బయటపడ్డ దయ్యం సారును పట్టిందట. పాలు పోసే బాలమ్మ పన్నెండేళ్లుగా మా గడపలోకి వచ్చి గిన్నెలో పోసేది. ఇప్పుడు గేటు దగ్గర చెంబు పెట్టి, "విమలక్కా, పాలు ఈడ వెట్టిన" అని కేకేసి పోయేది. నేను ఎన్ని ఊళ్లలో దయ్యం లేదని నిరూపించానో లెక్కలేదు. మా సొంత ఊళ్లో నేనే దయ్యానికి రుజువునయ్యాను. అందుకు మైసన్నను తిట్టలేను. అతను తన నమ్మకం ప్రకారం నడిచాడు. నేను నా జ్ఞానానికి విరుద్ధంగా నడిచాను.

ఫిబ్రవరి చివర్లో భాగ్య ఇల్లు చేరిందని తెలిసింది. రెండు రోజులాగి విమలను తోడు తీసుకుని వెళ్లాను. పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. భుజాల ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఒక పక్క ఊపిరితిత్తి సరిగా విచ్చుకోవడం లేదనీ, ఇక పరుగులు, బరువులు వద్దనీ చెప్పారట. ఇంటికి ఆనుకుని ఉన్నవాళ్లందరినీ పిలవమన్నాను. ఇరవై మంది దాకా వచ్చారు. ఈసారి దూరంగా నిలబడ్డారు.

అంతా చెప్పాను. వంగి, ముక్కు నేలకు ఆనించి, గొంగడి సందు ఎలా వాడుకున్నానో చేసి చూపించాను. లేవడానికి విమల చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. పొగ ఎవరినైనా చంపుతుందని, మిరప పొగే కాదు, కిటికీ లేని వంటింట్లో పత్తికట్టె పొగ కూడా నిదానంగా అదే పని చేస్తుందని చెప్పాను. చప్పట్లు లేవు. ఆ రోజు నవ్వించిన ముసలమ్మే, "గట్లంటె సార్ గూడ గారడే జేసిండన్నట్టు" అన్నది. ఎవరూ నవ్వలేదు. ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఎంతమంది నమ్మారో నాకు తెలియదు. మైసన్న పక్క ఊరికి ఇప్పటికీ వస్తున్నాడని మాత్రం తెలుసు.

అందరూ పోయాక భాగ్య తన సంచిలోంచి నీలం గొట్టం తీసి చూపించింది.

"సార్, గా దినం గడ్డివాము వెనకాల మీరు నోట్ల వెట్టుకున్నది గిదే గద?"

ఆ రోజు గోడకు ఆనుకుని ఊపిరికి కొట్టుకుంటూ కూడా ఆ పిల్ల నన్ను చూసింది.

"ఇదే."

"మరి మీకాడ ఉండంగ నాకెందుకియ్యలే సార్?"

సాయమ్మ గడపలో నిలబడి ఉంది. విమల తల దించుకుంది. నేనేదో చెప్పి ఉంటాను. ఏం చెప్పానో రాయను, అది జవాబు కాదు. పాతికేళ్ల నా చర్చల్లో అంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

వాళ్ల వంటింటి గోడకు ఇప్పుడు చేటంత కంత ఉంది. రెండు రాళ్లు ఊడదీసి సాయమ్మే చేసింది. నాకు చెప్పలేదు, బడికి వచ్చిన భాగ్య చెప్పింది. సాయమ్మ నాతో ఆ తర్వాత మాట్లాడలేదు. మాట్లాడాలని నేను కోరుకోవడం కూడా న్యాయం కాదు.

మార్చిలో మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. మెట్లెక్కలేనని ఎనిమిదో తరగతిని కింది గదికి మార్చారు. ఇన్‌హేలర్ సుద్దముక్కల డబ్బా పక్కన, బల్ల మీదే పెడుతున్నాను. ఉబ్బసం ఉండి దాచుకుంటున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీరూ బయట పెట్టండి. మీ పక్కన అదే జబ్బుతో, మందుందని తెలియక ఎవరు కొట్టుకుంటున్నారో మీకు తెలియదు.

ఏప్రిల్‌లో యాసంగి వరి కోతలు మొదలయ్యాయి. సెలవులకు ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున బడి వెనక మడిలో గడ్డికి నిప్పు పెట్టారు. ప్రధానోపాధ్యాయుడు వెళ్లి అడిగితే, "ఇంకో అర్ధగంట సార్, అయిపాయె" అన్నారట. కిటికీలు మూసేలోపే పొగ గదిలోకి వచ్చింది. నేను బల్ల మీదున్న గాలి పాఠం అట్టలు తీసి లోపల పెడుతున్నాను.

రెండో బెంచీలో భాగ్య దగ్గింది. ఆపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకుంది.

పిల్లలంతా ఆమె వైపు కాదు, నా వైపు తిరిగారు. వెనక బెంచీ అమ్మాయి కూడా. నాకు ఛాతీలో అప్పటికే దగ్గు లేస్తున్నది. నాలుకను అంగిటికి అదిమిపెడితే గంట కొట్టేదాకా ఆపగలను, ఆ విద్య నేనింకా మరచిపోలేదు.

బల్ల అంచు పట్టుకుని, పిల్లలందరూ చూస్తుండగా, దగ్గాను.